బావను తెల్లగా తీసిన రోజులు

మొన్న శుక్రవారం ఈ అరబ్బు దేశంలో, మంగఫ్‌లో మా గదిలో ఉండే ఒకతను ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే పక్కనుంచి చూశాను. వారమంతా ఎండలో పైపులు మోసి కమిలిన ముఖం ఫోనులో పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అదేమిటయ్యా అంటే ఫోనే అలా చేస్తుందన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను, మా బావ గుర్తొచ్చాడు.

మన కాలపు కెమెరాకు ఇంత తెలివి లేదు కదా. నేను కంపెనీ బస్సు నడిపే రోజుల్లో రీలు కెమెరా ఒకటి కొనుక్కున్నాను. వెలుగు లోపలికి వచ్చే కంత ఎంత తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో మనమే తిప్పి పెట్టాలి. ఎక్కువైతే ఫొటో వెలిసిపోతుంది, తక్కువైతే చీకటి. వఫ్రా ఎడారి తోటల దగ్గర ఇంకో చిక్కు: ఆ ఇసుక తెలుపు చూసి కెమెరాలోని వెలుగు కొలిచే మీటరు బోలెడుందని మోసపోయేది. దాని మాట వింటే మనిషి ముఖం బొగ్గే.

మా అక్క భర్త అక్కడే ఒక తోటలో గొర్రెలు కాసేవాడు. అక్క కడుపుతో ఉండగా వచ్చినవాడు, బిడ్డను కళ్లతో చూడలేదు. ఇంట్లో మాత్రం పట్నంలో, మిష్రిఫ్‌లో ఒక బంగళాలో నీడపట్టున పని అని చెప్పుకున్నాడు. వీలైన శుక్రవారం ఎవరి బండో బతిమాలుకుని నేను వెళితే, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడి, "ఇంకింత తెల్లగ రావాలె బామ్మర్దీ, నల్లగుంటె మీ అక్క కనిపెడ్తది" అనేవాడు. నేను కంత ఇంకాస్త తెరిచి, స్టూడియోలో ప్రింటు కూడా లేతగా వేయించేవాణ్ణి. ఎండ దెబ్బలన్నీ ఆ వెలుగులో కొట్టుకుపోయేవి. ఊళ్లో మా మేనకోడలు ఆ ఫొటోలకు ముద్దులు పెట్టి పడుకునేదట.

సెలవుకు వెళ్లిన బావను చూసి ఆ పిల్ల అక్క కొంగు చాటుకు పోయింది. "మా నాయిన గిట్లుండడు" అందట. ఉన్నన్నాళ్లూ ఆయన ఒళ్లోకి రాలేదు.

తిరిగొచ్చాక బావ మనిషి మనిషిలా లేడు. "ఈసారి ఉన్నదున్నట్టు తియ్యి. బిడ్డకు గీ మొకం అలవాటు గావాలె" అన్నాడు. దగ్గరికి వెళ్లి ఆయన చెంప మీది వెలుగు కొలిచి, అంతే పెట్టి తీశాను. పగిలిన పెదవులు, మాడిన బుగ్గలు, లోపలికి పోయిన కళ్లు అన్నీ ఉన్నవున్నట్టే వచ్చాయి. నా జన్మలో అంత మంచి ఫొటో మళ్లీ తీయలేదు.

అది చేరాక అక్క నాకు ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ముఖం పిల్లకు చూపించడానికి ప్రాణం ఒప్పలేదట, పెట్టె అడుగున దాచేసిందట. బావ మాత్రం కలిసినప్పుడల్లా బిడ్డ ఇప్పుడు పోల్చుకుంటుంది కదా అని అడిగేవాడు. పోల్చుకుంటుంది బావా అనేవాణ్ణి, ఇంకేమనను?

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన వాకిట్లోనే చేతులు చాపాడట. పిల్ల బుద్ధిగా వంగి, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టు కాళ్లకు దండం పెట్టింది.

ఇప్పటి పిల్లలు తండ్రిని రోజూ చూస్తున్నారు, అదృష్టవంతులు, ఫొటో కోసం నెలల తరబడి ఎదురుచూసే బాధ లేదు. కానీ వాళ్లు చూస్తున్నది ఎవరినో, ఆ తండ్రులు సెలవుకు వెళ్లి గుమ్మంలో నిలబడిన రోజున గానీ తెలియదు.