పెళ్లిచూపుల్లో సూపు

ఆ రోజుల్లో నాకు వంట బాగా వచ్చని ఒక గట్టి నమ్మకం ఉండేది. నిజానికి వచ్చింది కూరగాయల సూపు ఒక్కటే. నంద్యాలలో విత్తనాల అంగట్లో పనికి చేరి, ఒక స్నేహితుడితో కలిసి గదిలో ఉండేవాణ్ని. వాడి ఊరు సంజామల కాబట్టి అందరికీ వాడు సంజామలన్న. చలికాలంలో మెస్సులోని చల్లన్నం గొంతు దిగక, ఫోనులో వీడియో చూసి సూపు మొదలుపెట్టాను. టమాటా, క్యారెట్, బీన్స్, అల్లం ఉడికించి, మిక్సీ పట్టి, వడగట్టి మళ్లీ మరిగించాను. చిక్కబడటానికి మొక్కజొన్న పిండి వేయమన్నారు. గదిలో ఉన్నది జొన్నపిండి. మరిగే గిన్నెలో గుప్పెడు గుమ్మరించాను. సంజామలన్న అందులో గరిటె నిలబెట్టి చూసి, "ఇది సూపు కాదప్పా, సంగటి. ఊరిబిండి ఉంటే తీస్కరా" అన్నాడు. (ఊరిబిండి అంటే పచ్చడి. దాంతో తిన్నాం కూడా.) తర్వాత పిండిని ముందు చన్నీళ్లలో కలుపుకుని సన్నగా పోయడం పట్టుబడింది. పక్క గదులవాళ్లు గ్లాసులు పట్టుకుని రావడం మొదలైంది. నా గర్వం అక్కడ మొలిచింది.

ఆ చలిలోనే ఆళ్లగడ్డలో నాకు పెళ్లిచూపులు. అమ్మ, మేనమామ వెంట ఇస్త్రీ చొక్కాతో బస్సు దిగాను. పిల్ల నాయన రాతి విగ్రహాలు చెక్కే మనిషి. మాటలు కూడా ఉలి దెబ్బల్లా ఒకటొకటే వస్తాయి. ఇల్లంతా జలుబు. పిల్ల అమ్మకు గొంతు పోయింది. పిల్ల కాఫీ తెచ్చి, ఇవ్వబోయి తుమ్మింది. లోపలి గదిలో ఆమె జేజి, అంటే నాయనమ్మ, జ్వరం తగ్గినా నోరు చేదని నిన్నటి నుంచి ఏమీ తినలేదట.

"అంగట్లో పని గాక ఇంకేమన్నా వచ్చునా?" అని అడిగాడు పిల్ల నాయన. "వంట వస్తాది" అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది. "ఏం వంట?" "సూపు." "అంటే చారే గదా?" "చారు వేరు, సూపు వేరు మామా!" అనేశాను. (పిల్లను ఇంకా ఖాయం చేయలేదు, నేను మాత్రం మామను ఖాయం చేసుకున్నాను.) మేనమామ పైకప్పు చూశాడు. అంతలో లోపలి నుంచి జేజి గొంతు వినిపించింది: "ఏందో చేస్తానంటాండాడు గదా, చెయ్యనీండి. ఊరికే కూచోని ఏం చేస్తాడు?"

అలా పెళ్లికొడుకుగా వచ్చినవాణ్ని వంటింట్లోకి వెళ్లాను. పిల్ల క్యారెట్ తరిగిచ్చింది. "నిజంగా వచ్చునా, లేకుంటే మాటవరసకన్న్యావా?" అని మెల్లగా అడిగింది. "చూస్తాండు" అన్నాను గానీ, జొన్నపిండి నీళ్లు పోసేటప్పుడు సంజామలన్న నిలబెట్టిన గరిటె గుర్తొచ్చింది. ఇక్కడ సంగటైతే సంబంధం కూడా ముద్ద కడుతుంది. గరిటె ఆపకుండా తిప్పాను. ఉండ కట్టలేదు. మిరియాల పొడి దండిగా చల్లి, గిన్నె తీసుకుని జేజి మంచం దగ్గర నిలబడ్డాను. నా వెనకే ఇల్లంతా నిలబడింది.

జేజి ఒక గుటక వేసి కళ్లు మూసుకుంది. ఇంకో గుటక. నుదుటి మీద చెమట పట్టింది. గిన్నె ఖాళీ చేసి ముందుకు చాపింది. "ఇంగొంచెం పొయ్యప్పా. నోటికి రుచి తెలుస్తాంది."

పిల్ల నాయన కూడా గ్లాసుడు తాగి, మీసం తుడుచుకుని, "పిల్లోడు చారు బాగా జేసినాడు" అన్నాడు. నా మనసు కాస్త చివుక్కుమంది. "చారు గాదు నాయనా, సూపు" అంది పిల్ల వెంటనే. ఆ మాటతో నా పెళ్లి నిశ్చయమైందని నాకు తెలిసిపోయింది. పెద్దలకు తెలియడానికి ఇంకో వారం పట్టింది.

ఇప్పుడు నా భార్య ఆ సూపును నాకంటే బాగా చేస్తుంది. అయినా చలికాలం ఆళ్లగడ్డలో ఎవరు తుమ్మినా ఫోను నాకే వస్తుంది. నేను బయలుదేరేదాకా మా మామ ఊరుకోడు. నాకు మాత్రం ఒకటే ఆశ్చర్యం. ఇప్పుడు ఎవరింటికైనా కొత్తగా వెళితే, దాహమేసినా మంచినీళ్లు అడగడానికి మొహమాటపడతాను. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు ముక్కూ మొహం తెలియని వాళ్ల పొయ్యి ముందు ఏ ధైర్యంతో నిలబడ్డాడో! తలచుకుంటే నవ్వొస్తుంది. వాడు మళ్లీ ఎదురైతే ఆ ధైర్యంలో కాస్త అప్పు అడగాలనిపిస్తుంది.