మిరపచేను గట్టుమీద చాటు

మా నర్సమ్మ పోయిందని వనపర్తి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను మల్దకల్ దగ్గర మా ఊరి మిరపచేనులో ఉన్నాను. ఆరు నెలలుగా మంచం మీదే ఉంది కాబట్టి ఊహించని కబురేమీ కాదు. అయినా గట్టుమీద కూలబడి ఏడ్చాను. సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళంతా ఏరుడు ఆపి నా చుట్టూ చేరారు.

ఇప్పుడు నేను ఆశా కార్యకర్తను. అప్పట్లో నేనూ ఆ సాళ్ళలో మిరపకాయలు ఏరిన కూలీనే. నర్సమ్మ మా సబ్ సెంటర్‌లో నర్సు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు. ఈమధ్య చలికి అంత ఓపిక కూడా ఉండడం లేదు. పంట సగం ఏరకముందే వడగాడ్పులు మొదలవుతున్నాయి.

ఆమె ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చి, మా సీసాల్లో తానే కలిపి, తిట్టి మరీ చెప్పేది. "తాగుండ్రే! తాగకపోతే సస్తరు." మేం "సరేనమ్మా" అనేవాళ్ళం. ఆమె అటు తిరగగానే ఆ నీళ్ళన్నీ మిరపచెట్ల మొదట్లో పోసేవాళ్ళం. సాయంత్రం ఖాళీ సీసాలు చూసి ఆమె సంబరపడేది. ఆ ఏడాది మా చేనులో వడదెబ్బ తగలనిది చెట్లకే.

ఒక మధ్యాహ్నం నేను సాలులోనే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి దవాఖానలో ఉన్నాను. ఒళ్ళంతా తడిగుడ్డలు. పక్కన ఆమె.

"సీసా ఖాళీగ ఉండె. నీళ్ళు యాడికి పోయినయే?"

"చెట్లకు పోసినమమ్మా. తాగితే ఒంటికి పోవాలె గదా. యాడికి పోతం? మోకాలెత్తు చెట్లు. పక్కన్నే మగోళ్ళు బస్తాలు నింపుతుంటరు."

ఆమె నుదురు కొట్టుకుంది. "ఇన్నేండ్ల నౌకరీ. తాగుండ్రి తాగుండ్రి అంటి గానీ, యాడికి పోతరని ఒక్కనాడన్న అడగకపోతి."

మర్నాడు నాలుగు వెదురు బొంగులు, సబ్ సెంటర్‌లోని పాత పచ్చ పరదా తెచ్చి గట్టుమీద చాటు కట్టింది. చేను ఆసామి పరుగున వచ్చాడు.

"ఏందమ్మా, నా చేన్ల డేరా ఏస్తున్నవ్?"

"మిరప నీది పటేలా. పానాలు వీళ్ళయి. రేపటి సంది తెల్లారంగనే దిగుతరు, పదకొండు గాంగనే గట్టెక్కుతరు."

"పైన చెప్పి నిన్ను బదిలీ చేయిస్త."

"చేయించు. యాడికి పంపినా ఆడ గూడ ఎండనే ఉంటది. నాలుగు బొంగులు గూడ దొరుకుతయ్."

బదిలీ రాలేదు. పక్క చేలల్లో కూడా చాట్లు లేచాయి. ఆమె మాత్రం మారలేదు. ఎవరు ఎదురైనా "ఒంటికి ఏ రంగుల పోతున్నవే?" అని అడిగేది. ముదురు పసుపంటే ఒంట్లో నీళ్ళు చాలనట్టు. పెళ్ళి పందిట్లో వియ్యపురాలిని కూడా వదల్లేదు. సిగ్గుతో చచ్చేవాళ్ళం. ఎండను మనమేం చేస్తామని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "ఎండను ఆపుడు నాతోని కాదు. ఎండల నిలబెట్టెటోన్ని ఆపొచ్చు" అనేది. నన్ను ఆశాగా చేర్పించిందీ ఆమే. ఎండ గురించి ఆమె అన్న ఆ మాటకు నేను ఈరోజుకీ కట్టుబడి ఉన్నాను.

వనపర్తిలో ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు ఓఆర్ఎస్ పొట్లాలు పట్టుకుని మళ్ళీ చేనుకు వెళ్ళాను. పదకొండయింది. ఆసామి గట్టుమీద నిలబడి ఉన్నాడు.

"ఆమె పాయె గదా. ఇంక ఆ గుడ్డ తీసెయ్యుండ్రి. ఏరుడు ఎన్కబడ్డది, ఒంటిగంట దాంక చేయాలె."

నిజం చెప్పాలంటే భయమేసింది. కానీ ఏడుపుకంటే కోపమే ఎక్కువగా ఉంది.

"ఆమె పోయింది పటేలా. మేమున్నం" అన్నాను.

ఆయన చూస్తుండగానే సీసా ఎత్తి గటగటా తాగాను. నా వెనక, కూలీలను తోలుకొచ్చే మేస్త్రి అవ్వ తాగింది. తర్వాత సాళ్ళలోంచి ఒక్కొక్కరే గట్టెక్కి, ఆయన ముందే సీసాలు ఖాళీ చేసి, మాసిపోయిన ఆ పచ్చ పరదా ముందు వరసలో నిలబడ్డారు. ఆ రోజు మిరపచెట్లకు ఒక్క చుక్క కూడా దక్కలేదు.