ఇసుకతిన్నె మీద గుమ్మటం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చెల్లెలి అల్లుడు కొత్తగా కొన్న డబ్బా కెమెరా చేత్తోనే పట్టుకుని, నేను ముసుగు సర్దుకునేలోపే చిటుక్కుమనిపించి, ‘అయిపోయిందండి అత్తయ్యగారూ’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అతని మీద కాదు, నా మీద.

మా ఆయన కాలంలో ఫొటో తీయడమంటే పెళ్లి చేసినంత పని. మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, గాజు పలకలు, కటకం ముందు దూర్చే రంధ్రాల ఇత్తడి రేకులు. వెలుతురు తక్కువైతే పెద్ద రంధ్రం రేకు, ఎక్కువైతే చిన్నది. గడియారం మాకెక్కడిది? కటకం మూత తీసి నేను పరలోక ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. ఎండలో ఒక్క వాక్యం, వసారా నీడలో రెండు, ఇంటి లోపలైతే ప్రార్థన అంతా అయ్యాకే మూత పెట్టేదాన్ని. దేవుణ్ణి గడియారం చేసుకుందని మిషను బళ్లో తోటి పంతులమ్మలు సణిగేవారు. వాక్యం మధ్యలో ఆపడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. దేవుడి మాట సగంలో మింగకూడదని మా అమ్మ నేర్పింది.

ఒక ఏడు రాజమండ్రిలో గోదావరి ఇసుకతిన్నె మీద ఎవరో దొర, పొగతో నింపిన గుడ్డ గుమ్మటం పట్టుకుని ఆకాశంలోకి ఎగురుతాడని టముకు వేశారు. సర్వే దొరగారు మా ఆయన్ని పిలిపించి, ఎగిరే గుమ్మటాన్ని ఫొటోలోకి దించితే ఆఫీసులో ఉద్యోగం ఇస్తానన్నారు. లేకపోతే నా బడి జీతం చాలక మా బతుకు మళ్లీ బావగారి చేలో ఊడ్పులకే. పదిరోజులు మా ఆయన పెరట్లో ఎగిరే కాకుల్ని చూస్తూ, రేకులు మార్చుకుంటూ కూర్చున్నారు. కాకులకూ విసుగొచ్చి ఉంటుంది.

తీరా ఆ రోజు గాలి తగ్గేసరికి పొద్దుగుంకింది. స్టాండు కాళ్లు ఇసుకలో దిగబడిపోతున్నాయి. మా ఆయన దాన్ని పక్కన పారేసి, వెలుతురు నిండా పడేట్టు ఉన్న రేకు కూడా తీసేసి, పెట్టెను రెండు చేతులా గుండెకు ఆనించుకున్నారు. మూత నా చేతికి అప్పగించారు.

‘ఇదిగో, మొదటి మాట అనగానే మూసెయ్యి. బొమ్మ పలచగా వచ్చినా పర్లేదు. అంతకుమించి నా చెయ్యి నిలవదు.’

గుమ్మటం లేచింది. కింద మంట వెలుగుకి దాని పొట్ట ఎర్రగా ఉంది. మూత తీసి మొదటి మాట అన్నాను. నోరు ఆగలేదు. చీకటి పడింది కదా, ఇంకాస్త వెలుతురు పడితే మంచిదేనని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నారు, వద్దని అరవడానికీ లేదు. వాక్యం ముగిశాకే మూశాను.

పలక కడిగి కాగితం మీద అచ్చు దించితే గుమ్మటం లేదు. అది పైకి పోయిన దారంతా గోడ మీద సున్నం కారినట్టు పొడుగాటి తెల్లచార ఉంది.

మర్నాడు దొరగారి వరండాలో నేనూ నిలబడ్డాను. ఏమైందని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన, ‘నా చెయ్యి వణికిందండి. ఇంకెవరి తప్పూ లేదండి’ అన్నారు. చేతులు వణికేవాడితో మాకేం పని అన్నారు దొరగారు. నేను నేల చూపులు చూస్తూ ఊరుకున్నాను.

వణకని ఆ చేతులు తరవాత నారు మోశాయి, గట్లు వేశాయి. ఆయన చివరిదాకా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా నాకు బాగుండేది. ‘తప్పు నాదండీ’ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన పక్కన పదకొండేళ్లు బతికాను, నాకు చాలలేదు.