సింహాచలం మెట్ల మీద నా ట్రెక్కింగ్ పరీక్ష

మొన్న ఆదివారం సింహాచలం కొండమీద నా పరువు ఎంత ఎత్తుకు ఎక్కిందో, ఎక్కినంత సేపు పట్టకుండా ఎక్కడికి దిగిందో చెబుతాను. టీ తాగుతూ వినండి.

మా అప్పలరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. సెలవు దొరికితే అడవుల్లో పడి నడవడం అతని పిచ్చి. ఈసారి బర్మా సరిహద్దు కొండల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు నడిచిన దారిలో తన టీముతో కలిసి వెళ్దామన్నాడు. రోజుల తరబడి నడక. వాగులు, జలగలు. ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి.

ఫోన్లో ఆ దారి ఫొటోలు చూపించాడు. కాలు నిలవని ఆ వాలులో, వానలో, మలేరియా జ్వరంతో, భుజాన తుపాకీతో పాతికేళ్ళయినా లేని కుర్రాళ్ళు ఎలా నడిచారండీ? దెబ్బ తిన్నవాళ్ళని ఆ కొండ ఊళ్ళ జనం బురదలోంచి మోసుకొచ్చారట. మనం లిఫ్టు పనిచేయకపోతే వాచ్‌మన్‌ని తిట్టే రకం. ఒక్కసారైనా ఆ మట్టి మీద నడవాలని బలంగా అనిపించింది. మర్నాడే స్టీల్ ప్లాంటులో మా సెక్షనంతా చెప్పేసుకున్నాను.

అప్పుడు పెట్టాడు అప్పలరాజు మెలిక.

"బరువేసుకుని సింహాచలం మెట్లెక్కాల, దిగాల. మధ్యన దించకూడదు. దిగినప్పుడే మోకాళ్ళ సంగతి తెలుత్తాది. నాను కింద నిలబడి సూత్తాను. నీ వల్ల కాకపోతే పేరు కొట్టేత్తాను బావా, ఏటీ అనుకోకు."

బరువుకి ఇటుకలు పెడితే కొత్త బ్యాగు చిరుగుతుందని ఇంట్లో ఉన్న పది కిలోల బియ్యం సంచి అందులో కూరాను. జిప్పు పడలేదు. సంచి మూతి బయటికి కనబడుతూనే ఉంది. ఆ జిప్పు పడి ఉంటే ఈ గొడవే లేదు.

కాళ్ళకు అలవాటు కావాలని కొత్త ట్రెక్కింగ్ బూట్లు కూడా వేసుకెళ్ళాను. గోపాలపట్నంలో పుట్టి పెరిగి, దేవుడి మెట్లు బూట్లతో ఎక్కుదామనుకున్న బుద్ధిమంతుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. చెప్పుల స్టాండు ఆవిడ నా కాళ్ళకేసి చూసింది, నా మొహంకేసి చూసింది. నేనే విప్పేశాను.

అలా వట్టి కాళ్ళతో, వీపున బియ్యంతో బయల్దేరాను. కాస్త పైకి వెళ్ళేసరికే రొప్పు మొదలైంది. నా ముందు కొంతమంది ఆడవాళ్ళు మెట్ల పూజ చేస్తున్నారు. తెలుసుగా, ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, బొట్టు పెట్టి, పై మెట్టుకి వెళ్ళాలి. వాళ్ళలో పెద్దావిడ నా సంచి చూసి ఆగింది. చిన్న మనవరాల్ని వెంటబెట్టుకుని మల్కాపురం నుంచి వచ్చిందట, పేరు నర్సమ్మ.

"ఏటి మొక్కినావు నాయినా?"

ట్రెక్కింగండీ అని చెబుదామంటే ఊపిరి అందలేదు. నోరు తెరిచి, మూసి, వేలితో కొండ పైకి చూపించాను.

"మాటాడకూడదేటో. మౌనం మొక్కు" అంది ఆవిడ పక్కవాళ్ళతో.

అంతే, దారి ఇచ్చేశారు. ఒకావిడ నా పాదాలకు పసుపు రాసింది. మండపం దగ్గర సంచి దించబోతే నర్సమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "దించకు నాయినా, మొక్కు సెడిపోద్ది." అంతమంది దణ్ణం పెట్టి చూస్తుంటే ఎలా దించను? సిగ్గుతోనే ఎక్కాను. ఈలోగా ఆవిడ మెట్టు మెట్టుకీ వంగుతూనే నన్ను దాటి వెళ్ళిపోయింది. మనవడికి ఉద్యోగం వచ్చినందుకు మొక్కట. ఆ వయసులో ఆ నడుము, ఆ మోకాళ్ళు! ఆవిణ్ణి చూస్తూ ఎక్కానే గానీ నా కాళ్ళ సంగతి మర్చిపోయాను. మనుషులు ఆ యుద్ధంలో అలా ఎలా నడిచారన్నది అప్పుడు కొంచెం అర్థమైనట్టనిపించింది.

పైకి చేరాక అందరూ నన్ను ముందు పెట్టుకుని నేరుగా అన్నదానం దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడాయన సంచి కళ్ళకద్దుకుని లోపలికి పంపించి, గోత్రం అడిగారు. అయ్యా, అది నా పరీక్ష బరువు, ఇచ్చేయండి అని ఏ మొహం పెట్టుకుని అడగను?

"మొక్కు తీరిపోనాది. ఇప్పుడు మాటాడు నాయినా" అన్నారు నర్సమ్మ గారు.

నమస్కారమండీ అన్నాను. అందరూ సంబరపడ్డారు.

ఖాళీ బ్యాగుతో గాల్లో తేలుతూ కిందికి దిగాను. అప్పలరాజు ఒక్క వేలితో బ్యాగు ఎత్తి చూశాడు.

"బరువేది బావా?"

జరిగింది చెప్పాను. అతను పొట్ట పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే నర్సమ్మ గారు మెట్లు దిగి వచ్చారు, భుజాన నిద్రపోతున్న మనవరాలితో. పిల్లకి నాలుగేళ్ళుంటాయి, బొద్దుగా ఉంది.

"ఈ బాబుది ఎంత భక్తో! పైదాకా సంచి దించనేదు" అని నన్ను మెచ్చుకున్నారావిడ.

అప్పలరాజు లేచి నిలబడ్డాడు. "పిల్లనెక్కడ్నుండి ఎత్తుకున్నావమ్మా?"

"పైనుండే. దించితే నిద్దర నేచిపోద్దని ఎత్తుకునే దిగినాను" అందావిడ, కనీసం ఆయాసం కూడా లేకుండా, బస్సు కోసం చకచకా వెళ్ళిపోతూ.

అప్పలరాజు ఆవిడ నడక చూసి, నా వైపు తిరిగాడు.

"ఆవిణ్ణి అడగమంటావా బావా? మన టీములో ఒక ఖాళీ ఉంది."

"ఖాళీ ఎక్కడిది? టీము నిండిపోయిందన్నావుగా."

"ఇప్పుడే ఒకటయ్యింది."

నా పేరు కొట్టేశాడన్నమాట. అతని స్థానంలో నేనున్నా ఆవిణ్ణే తీసుకెళ్ళేవాణ్ణి.