జితేందర్‌కు ఒక్కటి చాలదు

గద్వాలలో జితేందర్‌ను నమ్మనివాళ్లు లేరు. జితేందర్ మాత్రం ఏదైనా ఒక్కటే ఉంటే నమ్మడు. రెండుంటేనే నమ్ముతాడు. చేతికి రెండు గడియారాలు, జేబులో రెండు ఫోన్లు, ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకో కళ్లజోడు. ఒకటి పోతే రెండోది ఉండాలన్నది అతని సిద్ధాంతం. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే సర్వర్లు చూసిపెట్టడం అతని ఉద్యోగం. సర్వర్లు ఎప్పుడు పడిపోతాయో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ ఉద్యోగంలో ఈ బుద్ధి మంచిదే. చిక్కేమిటంటే, జితేందర్ దృష్టిలో చాయ్ కూడా ఎప్పుడు పడిపోతుందో తెలియదు.

ఇస్రాయేలు హోటల్‌కు వెళ్లి రెండు చాయ్‌లు చెబుతాడు. ఒకటి తాగుతాడు. రెండోది ఎదురుగా పెట్టుకుని కాపలా కాస్తాడు.

"గదెవరికన్నా?" అని ఇస్రాయేలు మొదట్లో అడిగేవాడు.

"ఇది ఒలికితే తాగనీకి."

"ఒలకలే గద!"

"ఒలకకుంటే నీకేం నష్టమొచ్చె? గా మూలకు కూసున్న పెద్దాయనకియ్యి."

అతని పెళ్లి ముచ్చట జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అలంపూర్ నుంచి ఒక పంతులును మాట్లాడి, ఆయనకు జ్వరమొస్తే ఎలాగని ఇంకొకాయననూ మాట్లాడాడు. ఎవరికీ జ్వరం రాలేదు. ఇద్దరూ వచ్చారు. ఒకాయన చెప్పిన ముహూర్తం ఇంకొకాయనకు నచ్చలేదు. వాళ్ల వాదన తేలేసరికి రెండు ముహూర్తాలూ దాటిపోయాయి, వంటలు చల్లారిపోయాయి. వనపర్తి నుంచి వచ్చిన పిల్ల తండ్రి ఓపిక నశించి అందరి ముందే అడిగేశాడు.

"అల్లుడా, పిల్లను గూడ ఇద్దర్ని మాట్లాడినవా ఏంది?"

"లేదు మామా! గా విషయంల రెండోది ఉంటే మొదటిది నన్ను బతకనిస్తదా?"

ఆ పిల్ల పేరు గీత. "ఈ ఇంట్ల జోడు లేంది నేనొక్కదాన్నే. గందుకే నాకు సెలవు లేదు" అని ఆమె ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

ఒకసారి శ్రీరంగాపూర్ గుడికి పోతూ, బండి ఆగిపోతే ఎలాగని స్నేహితుడు శివకుమార్‌ను ఇంకో బండి మీద వెంట రమ్మన్నాడు. పెబ్బేరు దాటాక జితేందర్ బండిలో పెట్రోల్ అయిపోయింది. వెనక రెండో బండి ఉందన్న ధైర్యంతో అతను పోయించుకోలేదు. ముందు మొదటి బండి ఉందన్న ధైర్యంతో శివకుమార్ కూడా పోయించుకోలేదు. ఇద్దరూ చెరొకటి తోసుకుంటూ చేరేసరికి గుడి తలుపులు వేసేశారు. ఇంత జరిగాక ఎవరైనా మారతారు. జితేందర్ కూడా మారాడు. అప్పటి నుంచి బండికి పెట్రోల్ సీసా కట్టుకుని తిరుగుతున్నాడు. సీసాలు రెండు.

ఎదురింటి రోజా ఈ కథలన్నీ చూస్తూ, వింటూ, కడుపుబ్బ నవ్వుతూ పెరిగింది. ఇంజనీరింగ్ చదివి, ఆమె కూడా ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తోంది. అలాంటి రోజాకు ఒకరోజు నవ్వు మాయమైంది.

వాళ్ల మేనేజర్ ఉదయ్ కిరణ్ వీడియో కాల్‌లో చల్లగా ఒక కబురు చెప్పాడు. కంటైనర్ క్లస్టర్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వచ్చే ప్రాజెక్టులో ఉంటారట. లేనివాళ్లను తీసేయరట. బయట అవకాశాలు వెతుక్కునేలా ప్రోత్సహిస్తారట. నీకు పని వచ్చా అని ఎవరూ రోజాను అడగలేదు, సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. అడిగిన ఉదయ్ కిరణ్‌కు ఆ సర్టిఫికెట్ లేదు. మేనేజర్లకు అది అక్కరలేదట.

ఇంతకీ ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఇప్పుడు యాప్‌లు చాలామటుకు కంప్యూటర్లలో చిన్న చిన్న డబ్బాల్లో నడుస్తున్నాయి. వాటినే కంటైనర్లంటారు. కొన్ని కంప్యూటర్లను గుంపు చేసి, ఏ డబ్బా ఎక్కడ నడవాలో చూసే ఏర్పాటు క్లస్టర్. పరీక్షలో టిక్కులు పెట్టి బయటపడే వీలు లేదు. చెడిపోయిన క్లస్టర్లు చేతికిచ్చి, రెండు గంటల్లో బాగుచేయమంటారు. ఇంట్లోనే రాయొచ్చు, కానీ ఎక్కడి నుంచో ఒక పరిశీలకుడు కెమెరాలో చూస్తూ ఉంటాడు. బల్ల మీద ఏమీ ఉండకూడదు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు.

ఆ ఆఖరి షరతే రోజాను ముంచింది.

రోజా తండ్రి వెంకటస్వామి చీరలు నేస్తాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసేటప్పుడు మగ్గం పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు దారాన్ని అటూ ఇటూ మోసే నాడె అందించాలి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ మనిషి రోజా తల్లి కిష్టమ్మ. పనిచేసేవాళ్ల పక్కన ఎవరూ లేకపోవడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. అందుకే బిడ్డ పరీక్ష మొదలైన కాసేపటికి మెల్లగా తలుపు తోసుకుని వచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. గదిలో ఇంకొకరున్నారని తెర మీద హెచ్చరిక వచ్చింది.

"అమ్మా, బయటికి పోవే!"

"నేనేం మాట్లాడుతలే బిడ్డా. ఊకె కూసుంట."

"పరీక్ష పోతదమ్మా!"

"పక్కన మనిషుంటే పని పోతదా? ఎవడు చెప్పిండు గా మాట? నాతోని మాట్లాడుమను!"

ఈ గొడవ విని వెంకటస్వామి "ఏందే?" అంటూ లోపలికొచ్చాడు. ఆయన వెనకే పక్కింటివాళ్లు. కెమెరాలో ఇంత బలగాన్ని చూసిన పరిశీలకుడు పరీక్షను అక్కడికక్కడే ఆపేశాడు.

కట్టిన ఫీజులోనే ఇంకోసారి రాసే అవకాశం ఉంది. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే. రోజా మాత్రం ఆ పేరెత్తితేనే ముఖం తిప్పుకునేది. తెర ముందు ఒంటరిగా కూర్చుంటే ఒకటి మరిచి ఇంకోటి చేస్తున్నానని ఏడ్చేది. ఈ కబురు తెలిసి జితేందర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"రెండోపారి రాయనిస్తరంట గద రోజా! ఎంత మంచి పరీక్ష! ఇది పెట్టినోనికి దండేసి దండం పెట్టాలె."

"నేను రాయనన్నా."

"గట్లంటే ఎట్ల? నేను గూడ గిదే రాద్దామనుకుంటున్న. నాకు పాత సర్వర్లు తప్ప గీ డబ్బాల సంగతి తెల్వదు. జర చెప్పరాదు?"

"నాకే రాదంటే నీకేం చెప్త?"

"అయితే రానోళ్లం ఇద్దరమైతిమి గద! ఇగ పరేషానేంది?"

అలా మొదలైంది చదువు. అంత మొద్దు విద్యార్థి దీపం పెట్టి వెతికినా దొరకడు.

"డబ్బా ఆగిపోతే దాని తావుల కొత్తది పుడ్తదంటివి. పాతదాని పేరే పెడ్తరా?"

"పెట్టరన్నా. కొత్త పేరు, కొత్త అడ్రసు."

"మరి పాత అడ్రసు పట్టుకోని వచ్చే చుట్టాలెట్ల?"

"గందుకే ముందల ఒక మారని అడ్రసు పెడ్తం. దాన్ని సర్వీస్ అంటరు. వచ్చేటోళ్లు దాని తానికే వస్తరు. లోపల ఎవరు మారినా వాళ్లకు తెల్వనక్కర్లే."

చెబుతూ చెబుతూ రోజా ఆగిపోయింది. మొన్నటిదాకా ఆ ముక్క తనకే సరిగా అర్థం కాలేదు.

ఇంకో గండం ఉండేది. క్లస్టర్‌లో ఒక కంప్యూటర్‌ను బాగుచేయాలంటే ముందు దానిలోకి కొత్త డబ్బాలు రాకుండా మూసేయాలి, ఉన్నవాటిని వేరేచోటికి పంపాలి, పనయ్యాక మళ్లీ తెరవాలి. జితేందర్ ఎప్పుడు చేసినా ఆ తెరవడం మరిచిపోయేవాడు.

"అన్నా! ఇంటికి సున్నమేస్తిమి. సామానంత బయట పెడ్తిమి. అయినంక తలుపు తెరవకుంటే ఎట్ల?"

"అరె, మళ్ల మరిస్తి! ఇంకోపారి చెప్పు."

"ఎన్నిపార్లు చెప్పాలె?"

"ఏదన్న రెండు పార్లు చెప్పాలె గద."

ఒకరోజైతే ఇచ్చిన పని చక్కగా పూర్తిచేసి మీసం తిప్పాడు. తీరా చూస్తే వేరే క్లస్టర్‌లో చేసి వచ్చాడు. "మా నాయిన పోయి పక్కింటి మగ్గం మీద నేసొచ్చినట్టున్నది నీ పని!" అని రోజా నెత్తి కొట్టుకుంది. ఇంటికి వెళ్లి తల్లితో దిగులుగా చెప్పుకుంది. "గా అన్న పాస్ కాడమ్మా. నేను దగ్గరుండి చెప్పకుంటే మునుగుతడు." అతని గురించి బెంగపెట్టుకోవడంలో పడి తన గురించి బెంగపెట్టుకోవడం ఆమెకు గుర్తులేకుండా పోయింది.

పరీక్ష రోజున జితేందర్ తన పైగది ఇచ్చాడు. "ముందు నువ్వు రాయి. నువ్వు రాసొస్తే నాకు ధైర్యమొస్తది" అన్నాడు. కానీ ఆ పరీక్షకు అన్నీ ఒక్కటే ఉండాలి, ఆ గదిలో అన్నీ రెండు. పరిశీలకుడు కెమెరాను గదంతా తిప్పి చూపించమన్నాడు. రెండో తెర తీసేయమన్నాడు. రెండో మౌస్, రెండో కీబోర్డు తీసేయమన్నాడు. గోడకున్న రెండు గడియారాలు వేర్వేరు టైములు చూపిస్తుంటే అనుమానమొచ్చి రెండూ దించమన్నాడు. చివరికి రెండో కుర్చీ ఎవరి కోసమని అడిగాడు. రోజా ఒక్కొక్కటీ తెచ్చి తలుపు బయట పెడుతుంటే, జితేందర్ ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్న ముఖంతో అందుకున్నాడు.

"ఒక్క మౌస్‌తోని ఎట్ల బతుకుతవు బిడ్డా?" అన్నాడు గుసగుసగా.

తలుపు మూసుకుంది. కింద కిష్టమ్మకు కాలు నిలవలేదు. కొంగు దోపుకుని మెట్లెక్కబోయింది.

"పిల్ల ఒక్కతే ఉన్నదిరా పైన!"

జితేందర్ కింది మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు. "నా పక్కన గూడ ఎవ్వలు లేరు చిన్నమ్మా. జర కూసో."

కిష్టమ్మ అతని వంక చూసింది. ఆమెకు కాదనడం చేతకాలేదు. కూర్చుంది. పరీక్ష అయ్యేదాకా లేవలేదు.

మధ్యలో కరెంటు పోయింది. జితేందర్ ఒక్క ఉదుటున లేచాడు. మొదటి ఇన్వర్టర్ చక్కగా అందుకుంది. కరెంటు తిరిగి వచ్చేదాకా దానికేమీ కాలేదు. "నీ రెండోదాని మొకం ఎవరు చూడలే" అని గీత నవ్వితే, జితేందర్ కాస్త చిన్నబోయాడు కూడా.

పైన రోజాకు సరిగ్గా ఆ సున్నం వేసే లెక్కే వచ్చింది. కంప్యూటర్‌ను మూసింది, డబ్బాలు పంపింది, బాగుచేసింది. హమ్మయ్య అని తర్వాతి ప్రశ్నకు పోబోయింది. "అరె, మళ్ల మరిస్తి!" అని ఎవరో చెవి దగ్గర అన్నట్టయింది. వెనక్కి వెళ్లి తెరిచింది.

మరుసటి రోజు మెయిల్ వచ్చింది. రోజా పాసైంది. ఉదయ్ కిరణ్ అది తన మార్గదర్శకత్వ ఫలితమని, ఈ విజయాన్ని ఎంతో వినమ్రంగా స్వీకరిస్తున్నానని సోషల్ మీడియాలో పోస్టు పెట్టాడు. తాను మెట్ల దగ్గర కూర్చున్నందుకే బిడ్డ పాసైందని కిష్టమ్మ వీధంతా చెప్పింది. ఇద్దరిలో కిష్టమ్మ మాటే నిజానికి దగ్గర.

రోజా లడ్డూలు పట్టుకుని ఎదురింటికి వెళ్లింది. జితేందర్ రెండు తీసుకున్నాడు.

"అన్నా, ఇగ నీ వంతు. తారీకు చెప్పు. ఈపారి మెట్ల కాడ నేను కూసుంట."

జితేందర్ కిటికీలోంచి ఆకాశం చూశాడు. "తొందరేమున్నది... ఈ వానలు పోనీ."

లోపల్నుంచి గీత వచ్చింది. "ఏం పరీక్ష? ఆయన గా పరీక్ష పోయినేడే పాసాయె గద! నీకు చెప్పలేదా?"

లడ్డూ జితేందర్ గొంతుకు అడ్డం పడింది. గీత నీళ్లిచ్చింది. అవి తాగి, ఇంకో గ్లాసు తాగి, తల దించుకుని కూర్చున్నాడు. రోజా నడుం మీద చేతులు పెట్టుకుని అతని ముందు నిలబడింది.

"మరి సున్నమేసినంక తలుపు తెరుసుడు నీకు తెల్వదా?"

"గా తెరుసుడు నువ్వు మరుస్తుంటివి. నీకు చెప్తే ఏడుస్తవు. నేను మరిస్తేనేమో నన్ను తిడ్తవు. తిట్టుకుంట తిట్టుకుంట నువ్వు మరుసుడు బంజేస్తివి."

"పక్క క్లస్టర్ల చేసొచ్చింది?"

"గా తప్పు గూడ నీదే."

"గంత నాటకమెందుకన్నా?"

"నువ్వొక్కదానివే కూసుంటివి గద రోజా. ఒక్కరే కనవడితే నాకు ఊపిరాడదు."

రోజాకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత ఈ మనిషిని చూసి ఇన్నేళ్లూ నవ్వామే అని సిగ్గేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ నెత్తి మీద ఒకటి, ముక్కు మీద ఒకటి కళ్లజోళ్లతో అతను దొంగలా కూర్చున్న తీరు చూశాక ఏడుపు నిలబడలేదు, నవ్వొచ్చేసింది.

"అయితే ఒక మాట," అంది గీత. "పెద్దమందడిల మా చిన్నాయన బిడ్డ మానస గూడ గిదే పరీక్షకు చదువుకుంట ఏడుస్తుందంట. వాళ్లమ్మ పొద్దున ఫోన్ చేసింది."

జితేందర్ నిటారుగా లేచి కూర్చున్నాడు. "ఫోన్ చెయ్యి. బావకు గా డబ్బాలేందో ఇంక సమజ్ కాలేదంట, జర చెప్తవా అని అడుగు."

రోజా కళ్లు తుడుచుకుంది. "వదినా, బావ పక్కన రోజా అని ఇంకొకతి ఉన్నది, గామెకైతే అసల్కే తెల్వదని గూడ చెప్పు."

జితేందర్ ముఖం వెలిగిపోయింది. "గట్లనే చెప్పు! మొద్దులు ఇద్దరుండుడే మంచిది. నేను ఎన్నడన్న నోరుజారి సరైన జవాబు చెప్తే, తెల్వనోళ్లు ఇంకొకరుండాలె గద!"