అమ్మ పెట్టించిన బన్ను

మొన్న చర్చిలో, అనాథల్ని సాకిన పునీతుని బొమ్మ ముందు వేడి బన్నులు పంచారు. నాకు అమ్మ గుర్తొచ్చింది.

డెబ్భైల్లో మాట. జాలరిపేటలో నాన్నని సముద్రం తీసుకుపోయాక, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని కాన్వెంటుకి చేపలు తెచ్చి అమ్మేది. ఆ పునీతుని పండగనాడు అక్కడి అనాథాశ్రమం పిల్లలకి బన్నులిస్తుంటే నేనూ వరసలో నిలబడ్డాను.

"అమ్మా నాన్నా లేరా?" అంది సిస్టరు.

"లేరు" అన్నాను.

అప్పుడే అమ్మ గేటులోంచి వచ్చింది. "ఈ పిల్ల మీ పేటదేనా?" అని సిస్టరు అమ్మనే అడిగింది.

అమ్మ నాకేసి చూసింది. "ఎవుల పిల్లో నానెరగనమ్మా. ఆకలి మీదున్నట్టుంది, పెట్టీండి."

అమ్మ నన్ను పోల్చుకోలేదని సంబరపడుతూ తిన్నాను. కన్నపిల్లని పోల్చుకోని తల్లి ఉంటుందా!

నాన్న లేడు కాబట్టి నేనాడింది సగమే అబద్ధం. నిరుడు అమ్మ పోయాక ఆ సగమూ నిజమైంది.