మౌలాలిలో మిషనరీలు

మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి షేర్ ఆటో కోసం నిలబడ్డాను. ఆటో అతను "నాచారం, మల్లాపూర్, మౌలాలి" అని గుక్క తిప్పుకోకుండా పిలుస్తున్నాడు. మౌలాలి అన్న మాట చెవిన పడగానే నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్నావిడ నన్ను అదోలా చూసి కొంచెం దూరం జరిగింది. పాపం, ఆమెకు మా మేనత్త సంగతి తెలియదు కదా.

మా మేనత్త ప్రసూతి దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది. నాచారంలో మా ఇంటి వెనక రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. ఎవరి గురించైనా సరే, ఆనుపానులన్నీ తెలిసేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. అప్పట్లో మా చర్చి సంఘం విదేశంలో సేవ చేసే ఒక మిషనరీ జంటను పోషిస్తుండేది. వాళ్లు విజయనగరం వైపు వాళ్లు, మేమెవరమూ కళ్లారా చూసింది లేదు. చర్చి గోడ మీద ఒక ఫోటో, నెలనెలా ఒక ఉత్తరం, అంతే. స్త్రీల సమాజం కార్యదర్శిని కాబట్టి ఆ ఉత్తరం మైకులో చదివే భాగ్యం నాది. గొంతు వణికించాల్సిన చోట వణికించి మరీ చదివేదాన్ని. బయటికి రాగానే అత్త నన్ను పట్టుకునేది. వాళ్లది కిరాయి ఇల్లా, నల్లా రోజూ వస్తుందా, ఆ పిల్లకు తోడెవరున్నారు? ఉత్తరంలో బాప్తిస్మాలు, ప్రార్థన కూడికలు ఉండేవి కానీ ఇవేవీ ఉండేవి కావు. అక్కడ నీళ్లకు కరువేనట అని ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఆవిడ అవునన్నట్టు తలూపేది.

ఒక ఆదివారం వచ్చిన ఉత్తరంలో ఆ అమ్మాయికి ఐదో నెల అనీ, ఇంతకు ముందు ఒకసారి కడుపు పోయిందనీ, ప్రార్థించమనీ ఉంది. "మలావీలో ఆడతోడు లేకుండా ఉన్న మన సహోదరి" అని నేను చదివాను. మా చర్చి మైకులో సగం అక్షరాలు గోడలకే వినబడతాయి. అత్తకు అది మౌలాలి అని వినబడింది. ఆ మాటకొస్తే మొదటి నుంచీ అలాగే వినబడిందట. విదేశీ పరిచర్య అంటే చదువుకున్నవాళ్లు ఏదో పెట్టుకున్న పేరు అనుకుందట. పక్క బస్తీలో ఉన్న పిల్ల కోసం ఇంతమంది కన్నీళ్లు పెట్టుకోవడమేమిటో, ఒక్కరూ పోయి చూడకపోవడమేమిటో ఆవిడకు అంతుబట్టలేదు.

మర్నాడు పొద్దున్నే సర్వపిండి కాల్చి, సీసాలో చింతకాయ తొక్కు పెట్టుకుని ఆటో ఎక్కింది. మౌలాలిలో మిషనరీలు ఎక్కడుంటారని అడిగితే, మిషను కుట్టేవాళ్ల కోసం అనుకుని జనం ఆవిడను వరసగా ముగ్గురు దర్జీల దగ్గరికి పంపారు. మూడో దర్జీ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. సాయంత్రం వాచిన కాళ్లతో వచ్చి, అడ్రసు సరిగా చెప్పలేదని నా మీద మండిపడింది. అది మౌలాలి కాదు, మలావీ అని ఒక దేశమనీ, ఆఫ్రికాలో ఉందనీ, విమానమెక్కి పోవాలనీ చెప్పాను. కూర్చుని కాళ్లు ఒత్తుకుంది. తర్వాత, "దూరమున్నోళ్లకు ప్రార్థన జేస్తరు, గది ఒప్పుకుంట. దగ్గరనే ఉన్నరనుకున్న, గందుకే పోయిన. తప్పా?" అంది.

నేను ఊరుకోవచ్చు కదా. చర్చిలో అందరికీ చెప్పి నవ్వించాను. ఎవరో వాట్సాప్‌లో పెడితే ఆ కథ సముద్రం దాటి ఆ అమ్మాయి దాకా పోయింది. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక నా ఫోనుకు వీడియో కాల్ చేసి, తనను వెతుక్కుంటూ పోయిన అమ్మను చూడాలంది. పెద్దలంతా సరదాగా చుట్టూ మూగారు. అత్త ఫోను దగ్గరికి తెచ్చుకుని, దవాఖానాలో పేషంటును చూసినట్టు ఆ మొహాన్ని చూసింది.

"బిడ్డా, ఈడికి రాబుద్దయితుందా నీకు?"

"రావాలనుందమ్మా. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అని ఆ అమ్మాయి ఏడ్చేసింది. నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సేవ మధ్యలో వదిలి వస్తే నలుగురిలో మన సాక్ష్యం, మంచిపేరు ఏమవుతాయని ఒకరిద్దరు పెద్దలు నసిగారు. ఆ పిల్లకు తల్లి లేదట, నా దగ్గర ఉంటుంది, మొగుడు అక్కడి పని చూసుకుంటాడు అని అత్త తేల్చేసింది. పాస్టరు అయ్యగారు ఎదురు చెప్పలేదు. నెల తిరగకుండా అమ్మాయి వచ్చింది. అత్త పనిచేసిన దవాఖానాలోనే పండంటి ఆడపిల్ల పుట్టింది. పాపకు ఐదో నెల రాగానే తల్లీబిడ్డా మలావీకి తిరిగి వెళ్లారు.

అత్త పోయి ఏడాది దాటింది. ఆవిడ ఆ పిల్లను అడగకముందు ఆ జంట కోసం మేము రెండేళ్లు, ఒక్క వారం తప్పకుండా ప్రార్థించాం. అది వృథా అని నేననను. కానీ అన్ని ఆదివారాలు గడిచినా, ఆ ఒక్క మాట అడగడానికి మాలో ఎవరికీ తీరిక దొరకలేదు.